వకుళ కోసం చేసిన ఆట

వకుళకి గెలిపించే ఆటలంటే పడదు.

తుపాకీ పట్టుకుని పరుగెత్తే వీడియోగేములు, బంగారు నాణేలు ఏరుకునేవి, మెట్టు మెట్టుకీ చప్పట్లు కొట్టేవి ఆమె ఎప్పుడూ పది నిమిషాలకు మించి ఆడలేదు. ఆమెకి నచ్చేవి వేరు. ఒక ఆటలో మనం ఏడంతస్తుల మేడలో లిఫ్టు. పైకి వెళ్ళడం, కిందికి రావడం, లోపల నిలబడ్డవాళ్ళ మాటలు సగం సగం వినడం, అంతే. ఇంకో ఆటలో చనిపోయిన పక్కింటావిడ బట్టలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దాలి. మరో ఆటలో మనకి ఒక్క ముక్క కూడా అర్థం కాని భాష మాట్లాడే సంతలో కూరలు బేరమాడాలి. ఏ దేశంలోనో ఎవరో ఒక్కరే కూర్చుని రెండేళ్ళో మూడేళ్ళో కష్టపడి చేసి వదిలిన ఆటలు అవి. మొత్తం ప్రపంచంలో వెయ్యిమంది ఆడి ఉంటే గొప్ప.

ఈ పిచ్చి ఆమెకి విజయనగరంలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు పట్టుకుంది. వీధి చివర వీడియోగేముల షాపులో ఒక మెషీను పాడైపోయింది. కారు కదిలేది కాదు. రోడ్డూ కదిలేది కాదు. వెనకాల మబ్బులు మాత్రం సాగిపోతూ ఉండేవి. మిగతా పిల్లలు దాన్ని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయేవాళ్ళు. వకుళ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని మబ్బులు చూసేది. తన నుంచి ఏమీ అడగని ఆట అదొక్కటే అనిపించేది.

నలభై ఏళ్ళు వచ్చాక కూడా ఆమె అలాగే ఉంది. విశాఖపట్నంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా ఆ వింత ఆటల గురించి ఇంటర్నెట్‌లో రాసుకునేది. చదివేవాళ్ళు నలభై యాభై మంది. లిఫ్టు ఆట గురించి ఒకసారి ఇలా రాసింది: 'దీన్ని చేసినవాడు ఇది నాకు నచ్చాలని చూడలేదు. తనకి కనబడింది చూపించి ఊరుకున్నాడు. అందుకే నచ్చింది.'

ఆ మూడు వాక్యాలు చదివే డాక్టర్ కమలనాభం ఆమెకి ఫోన్ చేశాడు.

ఆయన నరాల వైద్యుడు. ప్రాక్టీసు మానేసి పదేళ్ళుగా పరిశోధనలో ఉన్నాడు. ఋషికొండ దారిలో సముద్రానికి ఎదురుగా ఆయన ల్యాబు. మెత్తగా మాట్లాడతాడు, అందరినీ అమ్మా, నాన్నా అంటాడు.

"పదిమందికీ నచ్చేది ఎందుకు నచ్చుతుందో కనిపెట్టడం తేలికమ్మా," అన్నాడు మొదటిరోజు. "ఎవరికీ నచ్చనిది ఒక్క మనిషికి ఎందుకు నచ్చుతుంది? అది తెలిస్తే ఇష్టం అంటే ఏమిటో తెలిసినట్టే."

వకుళ లైబ్రరీ ఉద్యోగం వదిలి అక్కడ చేరింది. తన పిచ్చిని ఒక పెద్దమనిషి పిచ్చి అనకుండా మాట్లాడటం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ల్యాబులోని యంత్రం పేరు రసన. నాలుక అని అర్థం. ఆడే మనిషి చేతులకి పల్చటి తొడుగులు వేసేవారు. వేళ్ళ కొసల్లో నాడి, అరచేతిలో చెమట, మీట నొక్కేముందు బొటనవేలు తటపటాయించే రెప్పపాటు, అన్నీ ఆ తొడుగుల్లోంచి రసనకి చేరేవి. వాటిని బట్టి అది తనే ఒక ఆట అల్లి ఇచ్చేది. దాన్ని ఆడుతున్నప్పుడు చేతులు ఏమన్నాయో చూసుకుని మర్నాటికి ఇంకొకటి అల్లేది. రోజుకి అయిదు ఆటలు. కొన్ని మనుషులు చేసినవి, కొన్ని రసన చేసినవి. ఏది ఎవరిదో వకుళ చెప్పాలి.

మొదటి ఆరు నెలలూ ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఇది రసనది సార్."

"ఎలా చెప్పావమ్మా?"

"మర్యాద ఎక్కువైంది. ఎదురొచ్చి కుర్చీ వేస్తోంది."

కమలనాభం నవ్వి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత రసన కుర్చీ వెయ్యడం మానేసింది. రెండో ఏడు మధ్యలో వకుళ ఒక ఆట ఆడింది. మూతబడిన సినిమాహాలు ఊడ్చే మనిషి మనం. సీట్ల కింద దొరికిన టికెట్ ముక్కలు, జడపిన్నులు, ఒక పసిపిల్ల చెప్పు తీసి వరసగా పెట్టుకుంటూ వెళ్ళాలి. ఆడుతుంటే ఆమెకి కళ్ళు తడిసాయి. ఇది తప్పకుండా మనిషిదే, ఊడ్చిన అనుభవం ఉన్న మనిషిది అని చెప్పింది.

అది రసనది.

ఆ రోజు ల్యాబులో మిఠాయి పంచారు. వకుళ కూడా తింది. తనని ఎవరో కూర్చోబెట్టి నిలువునా చదివేసినట్టు అనిపించినా, ఇంత బాగా చదివినందుకు కొంచెం గర్వంగానూ ఉండింది.

ఆమెతోపాటు అక్కడ ఆడే ఇంకో మనిషి పైడిరాజు. భీమిలి దగ్గర జాలరిపేట మనిషి, కుర్రతనం దాటింది, ముప్పై అయిదుంటాయి. తయారీలో తప్పులు జరిగిన ఆటలంటే అతనికి ప్రాణం. గోడల్లోంచి జారిపోయే గుర్రాలు, తలకిందులుగా నడిచే పోలీసులు చూసి గంటలకొద్దీ నవ్వేవాడు. ఒకరోజు క్యాంటీన్లో ఇడ్లీ ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"మేడమ్, మీకు ఇడ్లీ రుచి తెలుస్తందా?"

"తెలుస్తోంది. ఏం?"

"నాకూ తెలుస్తందండి. ఉప్పు తెలుస్తంది, పులుపు తెలుస్తంది. బాగుందో బాలేదో తెలట్లేదు."

వకుళ స్పూను కింద పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలవుతందండి. రసన నాకిచ్చిందల్లా బాగుంటంది. రోజూ బాగుంటంది. ఇంటికెళ్ళి మా ఆవిడ మొహం చూసినా, సముద్రం చూసినా అలాగే ఉంటంది. ఏదీ ఎక్కువ లేదు, ఏదీ తక్కువ లేదు. డాక్టరుగారికి సెప్పితే రాసుకున్నారు."

మరుసటి వారం అతను రావడం మానేశాడు. సెలవు పెట్టాడని కమలనాభం చెప్పాడు. వకుళ ఫోన్ చేస్తే భార్య తీసింది. మనిషి బాగానే ఉన్నాడనీ, పెట్టింది తింటున్నాడనీ, ఏది కావాలని అడిగితే మాత్రం ఏదైనా పరవాలేదు అంటున్నాడనీ చెప్పింది. ఆమె గొంతులో భయం వకుళకి వినబడింది.

ఆ తర్వాతే వకుళ ల్యాబు కాగితాలు చూడటం మొదలుపెట్టింది. అంతవరకు చూడొద్దని ఎవరూ అనలేదు. చూడాలని ఆమెకి తోచలేదు. తన పేరు మీదున్న దస్త్రంలో రసన అల్లిన ఆటల జాబితా ఒకటి కనబడింది. ఆ పేర్లు ల్యాబులో ఆడినవి కావు. గడిచిన ఏడాది ఇంట్లో తనంతట తను వెతుక్కుని, దొరికినందుకు మురిసిపోయి, వాటి గురించి పేజీలు రాసిన ఏడు ఆటల్లో నాలుగు అందులో ఉన్నాయి. వాటిలో మూడింటిని చేసినవాళ్ళకి ఆమె మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా రాసింది. ముగ్గురూ జవాబిచ్చారు. లిమా నగరంలో ఉంటానన్న ఒకాయనైతే వాళ్ళమ్మ ఆరోగ్యం గురించి కూడా రాశాడు.

కాగితం పట్టుకుని కమలనాభం గదిలోకి వెళ్ళింది. ఆయన సిగ్గుపడలేదు, కంగారూ పడలేదు.

"ల్యాబులో ఇస్తే పరీక్ష అని నీ చేతులకి తెలిసిపోతుందమ్మా. ఇంట్లో, నువ్వే వెతుక్కుంటే, నీ అంతట నువ్వు దొరికించుకుంటే ఎలా ఉంటుందో చూడాలి కదా. నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలో పదకొండో పేజీలో ఉంది."

"లిమాలో ఉన్నాయన?"

"ఎవరూ లేరమ్మా. ఉత్తరాలూ రసనే రాసింది."

"వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదని..."

"నీకు అలా ఉంటే నచ్చుతుందని దానికి తెలుసు."

ఆ రోజు నుంచి వకుళకి దేనిమీదా నమ్మకం నిలవలేదు. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆ జాబితాలో ఇంకా ఏమేం చేరుతున్నాయో ఎప్పటికీ తెలియదు. అందుకని ఉండిపోయింది. ఇంట్లో ఏ వస్తువు నచ్చినా ముందు ఇది ఎవరి పనో అని అనుమానం వచ్చేది. పక్క ఫ్లాటావిడ ఒక పాత పుస్తకం చదవమని ఇస్తే, అది అద్భుతంగా ఉంటే, సగంలో మూసేసి తిరిగిచ్చేసింది. భర్త వంకాయలో కొత్తిమీర కారం కూరి వండిన రోజున, ఇలా చెయ్యమని ఎవరు చెప్పారని అడిగింది.

"ఎవరు చెప్తారు? ఊరికే చేశాను," అన్నాడు ఫణీంద్ర.

ఆమె అతని మొహంలోకి ఒక క్షణం ఎక్కువసేపే చూసింది.

ఫణీంద్ర పోర్టులో ఆటుపోట్లు కొలిచే విభాగంలో పనిచేస్తాడు. సముద్రంలో పాతిన అంకెల స్తంభం మీద నీళ్ళు ఎంతవరకూ వచ్చాయో చూసి రాస్తాడు. యంత్రాలు వచ్చినా అవి నిజం చెబుతున్నాయో లేదో చూసుకోడానికి మనిషి కన్ను కావాలి, ఆ కన్ను అతనిది. అవసరమైతే సర్వే లాంచీ మీద నాలుగైదు రోజులు వెళ్తాడు. మాట తక్కువ. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. వకుళ ఆటలు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఒకటి రెండుసార్లు ఆడి చూడమని ఆమె చేతికిస్తే, "ఇందులో ఏం చెయ్యాలి?" అని అడిగి, ఏమీ చెయ్యక్కర్లేదంటే తిరిగిచ్చేశాడు.

అలాంటి మనిషి ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తన పాత లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఖాళీగా ఉంటే చూడు."

"ఏంటది?"

"ఆటే. నేను చేశాను."

పేరు 'నీటిమట్టం'. తెర మీద సముద్రం, రేవు గోడ, నీళ్ళలో ఒక స్తంభం. ఆ స్తంభమే మనం. ఒంటి మీద అంకెలున్నాయి. కదలడానికి లేదు. అల వచ్చి తడుపుతుంది, జారిపోతుంది. ఎంత ఎత్తు తడిసింది, ఎంత జారింది చూసుకుని, ఆ రెంటికీ మధ్య నీళ్ళు నిజంగా ఎక్కడున్నాయో ఒక గీత గియ్యాలి. అంతే. కాసేపటికి ఒక ఎండ్రకాయ అంకెల మీదుగా పైకి పాకి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, కిందికి దిగిపోయింది. పాదం దగ్గర గుల్లలు పట్టాయి. చాలాసేపటికి దూరంగా ఒక ఓడ వెళ్ళింది. అది కనుమరుగయ్యాక, ఎప్పటికో, దాని అల వచ్చి తాకింది.

ఆ అల తాకగానే వకుళకి ఏడుపొచ్చింది. నలభై నిమిషాలు గడిచాయని గడియారం చూస్తేగాని తెలియలేదు. ఇన్నేళ్ళలో ఇంత బాగా తనకి సరిపోయిన ఆట ఇంకొకటి లేదు.

ఆ మాట మనసులో అనుకోగానే ఆట ఆపేసింది.

ఇంత బాగా ఎందుకు సరిపోయింది? వింత ఆటల్లో తనకి ఏం నచ్చుతుందో ఫణీంద్రకి ఎలా తెలుసు? అరగంట కూడా ఒక ఆట ఆడని మనిషికి ఆట చెయ్యడం ఎవరు నేర్పారు? ఇంట్లోకి, సొంత మనిషి చేతి మీదుగా ఇస్తే ఎలా ఉంటుందో కూడా వాళ్ళు చూడాలనుకుని ఉంటారు. పదకొండో పేజీ తర్వాత ఇంకా ఎన్ని పేజీలున్నాయో తను చూడలేదు.

"ఎవరిచ్చారు మీకిది?" అని అడిగింది.

ఫణీంద్ర అర్థం కానట్టు చూశాడు. "నేనే చేశానన్నాను కదా. లాంచీ మీద వెళ్ళొచ్చేటప్పుడు ఫోన్లో పాఠాలు చూసి నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది. బాలేదా?"

"బాగుంది," అంది వకుళ. ఆ మాట నేరం మోపినట్టు వచ్చింది.

సోమవారం ఆ ఆటను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాబుకి తీసుకెళ్ళింది. భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక రసనలో పెట్టింది. ఏ ఆట పెట్టినా, వకుళ కోసం తను అల్లే ఆటతో అది ఎంత పోలి ఉందో రసన ఒక అంకెలో చెబుతుంది. మనుషులు చేసిన ఆటలకి అరవై, డెబ్బై వచ్చేవి. రసన సొంత ఆటలు ఎప్పుడూ తొంభై దాటేవి. ఆమె పక్కన ఎవరూ లేని ఆ గదిలో ఏసీ చప్పుడు వింటూ నిలబడింది.

తొంభై ఒకటి.

ఇంటికి వెళ్ళేసరికి ఫణీంద్ర బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నాడు. వకుళ చెప్పులు కూడా విప్పలేదు.

"ల్యాబువాళ్ళు మీతో ఎప్పుడైనా మాట్లాడారా?"

అతని చేతిలో దుప్పటి ఆగింది. "ఎందుకు?"

"మాట్లాడారా లేదా?"

"కిందటేడు ఒకసారి ఫోన్ చేశారు. డాక్టరుగారే. నువ్వు ఇంట్లో ఎలా ఉంటావు, ఖాళీగా ఉన్నప్పుడు ఏం చూస్తూ కూర్చుంటావు, ఏం తింటావు అని అడిగారు. నీ పనికి కావాలన్నారు. చెప్పాను."

"ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. కిటికీ దగ్గర కూర్చుని సముద్రం వైపు చూస్తావని. ఏదీ సగంలో ఆపవని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనే అనుకున్నాను."

వకుళకి అతని మాటలు వినబడుతున్నాయి గాని మనసులోకి వెళ్ళడం లేదు. "ఆ ఆట వాళ్ళదే కదా. మీ చేత ఇప్పించారు. నేను కనిపెడతానా లేదా అని చూస్తున్నారు. నేను రసనలో పెట్టి చూశాను. తొంభై ఒకటి వచ్చింది."

ఫణీంద్ర దుప్పటిని నిదానంగా మడతపెట్టాడు. నాలుగు మడతలు వేసి కుర్చీ మీద పెట్టాడు.

"పంతొమ్మిదేళ్ళు నీ పక్కన కూర్చున్నాను," అన్నాడు. "నీకేం నచ్చుతుందో తెలుసుకోడానికి నాకు యంత్రం కావాలా?"

మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని సర్వే లాంచీ మీద నాలుగు రోజుల పనికి వెళ్ళిపోయాడు. వెళ్తున్నానని చెప్పాడు గాని ఎప్పటిలా పాలు పొయ్యి మీదున్నాయని చెప్పలేదు. అవి పొంగిపోయాయి.

వకుళ తిన్నగా ల్యాబుకి వెళ్ళి రాజీనామా కాగితం కమలనాభం బల్ల మీద పెట్టింది. ఆయన అది చదవకుండానే పక్కన పెట్టాడు.

"నిన్న మధ్యాహ్నం ఒక ఆట కొలిచావు. అది మాది కాదమ్మా."

"మీరు అలాగే అంటారు సార్."

"అంటాను. నీకు నమ్మకం కుదరదు, అది నా తప్పే. కాని ఒక పని చెయ్యి. మొదట్లో నువ్వు తెచ్చిన లిఫ్టు ఆట ఉంది కదా, అప్పుడు దానికి ఎంత వచ్చింది?"

"అరవై నాలుగు."

"ఇప్పుడు కొలువు."

ఆమె కొలిచింది. తొంభై మూడు వచ్చింది. పక్కింటావిడ బట్టల ఆటకి తొంభై రెండు. సంత ఆటకి తొంభై నాలుగు. రసన పుట్టకముందు ఎవరో మనుషులు చేసిన ఆటలు అవన్నీ.

"అది నీ ఇష్టాన్ని కొలుస్తుందమ్మా," అన్నాడు కమలనాభం వెనక నుంచి. "చేసినవాణ్ణి కాదు. అప్పుడు దానికి నువ్వు సరిగా తెలియవు. ఇప్పుడు బాగా తెలుసు. నువ్వు ఇష్టపడింది ఏదైనా దానికి తన పనిలాగే కనిపిస్తుంది."

వకుళ ఆ అంకెల వంక చూస్తూ ఉండిపోయింది. ఫణీంద్ర అబద్ధం చెప్పాడనడానికి ఇప్పుడు ఆధారం లేదు. నిజం చెప్పాడనడానికీ లేదు. చిన్నప్పటి మబ్బుల మెషీను తెచ్చి పెట్టినా ఇది తొంభై అనే అంటుంది. తన ఇష్టం మొత్తం ఇప్పుడు ఆ పెట్టెలో ఉంది. అక్కణ్ణించి వెనక్కి తీసుకోడానికి కాగితం ఏదీ లేదు.

"పైడిరాజు గురించి ఏం చేస్తున్నారు?" అని అడిగింది వెళ్ళబోతూ.

"చూస్తున్నామమ్మా," అన్నాడాయన. మొదటిసారి ఆయన చూపు పక్కకి తప్పుకుంది.

గురువారం పొద్దున్న ఆరున్నరకి వకుళ లాప్‌టాప్ తెరిచింది. ఇప్పుడు ఉద్యోగం లేదు, ఇంట్లో మనిషి లేడు. పోయినసారి ఆమె నలభై నిమిషాల దగ్గర ఆపేసింది. ఆట ఎంతసేపుంటుందో కూడా అడగలేదు. ఈసారి ఆడటానికి కూర్చోలేదు. తప్పు పట్టుకోడానికి కూర్చుంది. మూడేళ్ళు అదే పని చేసింది కాబట్టి ఎక్కడ చూడాలో తెలుసు. రసనకి కొన్ని అలవాట్లున్నాయి. మనసు విసుగుపడటానికి ఒక క్షణం ముందు ఏదో ఒకటి కదిలిస్తుంది. బాధ పెడితే వెంటనే కొంచెం ఊరటనిస్తుంది.

ఎండ్రకాయ వచ్చింది, పోయింది. ఓడ వచ్చింది, పోయింది. తర్వాత ఏమీ రాలేదు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నీళ్ళు కనబడనంత నెమ్మదిగా పెరుగుతున్నాయి. ఇది నిజం పోటు లెక్కన నడుస్తోందని ఆమెకి అప్పటికి అర్థమైంది. నీళ్ళు బాగా తగ్గిన మట్టం నుంచి నిండుమట్టం దాకా ఆరు గంటల పైన. విసుగొచ్చింది. విసుగు పోగొట్టడానికి ఏదో కదులుతుందని చూసింది. ఏదీ కదల్లేదు. ఇంకా విసుగొచ్చింది. లేచి ఉప్మా చేసుకుని ప్లేటు పట్టుకొచ్చి మళ్ళీ కూర్చుంది. ఈ మధ్యలో గియ్యాల్సిన గీతలు రెండు తప్పిపోయాయి. ఆట ఏమీ అనలేదు. ఆ రెండు చోట్లా ఖాళీ అలాగే ఉండిపోయింది.

పన్నెండూ ముప్పావు దాటాక నీళ్ళు స్తంభం మీద పై అంకెని తాకాయి. పోటు నిండింది. ఒక్క నిమిషం సముద్రం ఎటూ కదలకుండా నిలబడింది. ఇక్కడ ఆట ఆగిపోతే, ఈ నిశ్శబ్దంలోనే తెర చీకటైపోతే, ఎంత బాగుంటుంది.

బాకా మోగింది.

తర్వాత డోళ్ళు. తెర అంచుల నుంచి గులాబీ, ఆకుపచ్చ, పసుపు తారాజువ్వలు లేచాయి. రేవు గోడ మీదికి ఎక్కడి నుంచో ఒక నెమలి వచ్చి పురి విప్పింది. దాని మీద పూలు కురిశాయి. పెళ్ళి శుభలేఖల మీదుండే మెలికల అక్షరాల్లో 'అభినందనలు' అని పడి, మెరిసి, గుండ్రంగా తిరిగింది.

వకుళ మొహం చిట్లించుకుంది. చెంప మీద ఈగ వాలినట్టు చెయ్యి విసిరింది. ఆరు గంటలు ఇంత అందంగా నడిపి చివర్లో ఇదేం దరిద్రం అని పైకే అంది. డోలు మోగుతూనే ఉంది. ఆపడానికి మీట కూడా లేదు. నెమలి రెండోసారి పురి విప్పింది.

అప్పుడు తన చెయ్యి ఇంకా గాల్లోనే ఉందని చూసుకుంది.

మూడేళ్ళలో రసన ఆమె చేత ఒక్కసారి కూడా ఇలా చెయ్యి విసిరించలేదు. దానికి ఆమె ఇష్టం తప్ప ఇంకో దినుసు తెలియదు. ఈ నెమలి ఆమె ఇష్టంలోంచి వచ్చింది కాదు. ఆమెని అణువణువూ ఎరిగిన యంత్రం కలలో కూడా పెట్టని నెమలి ఇది. ఇది ఇంకెవరికో నచ్చింది. నచ్చి, కూర్చుని, ఈకకి ఈక రంగులు వేశారు.

అనుమానం వెంటనే లేచింది. నచ్చనిది ఒకటి పెట్టి చూద్దామని కమలనాభానికి తోచకూడదా? రసన నేర్చుకోలేనిది ఏముంది? ఈ ప్రశ్నకి అడుగు లేదని వకుళకి తెలిసిపోయింది. ఎంత లోతుకి దిగినా ఇంకో మెట్టు ఉంటుంది. పైడిరాజుకి ఇష్టం పోయింది, తనకి నమ్మకం పోయింది. పోయినదాన్ని ఏ అంకె తెచ్చివ్వలేదు. అడగాల్సిన మనిషి లాంచీ మీదున్నాడు.

ఫోన్ చేసింది. నాలుగోసారికి కలిసింది. ఇంజను చప్పుడు, దాని వెనక గాలి.

"చెప్పు," అన్నాడు ఫణీంద్ర.

"ఆట మొత్తం ఆడాను."

"మొత్తమా? ఎవరూ ఆడరనుకున్నాను. ఆఫీసులో వాళ్ళకి చూపిస్తే పది నిమిషాలకే లేచిపోయారు."

"చివర్లో ఆ నెమలి ఎందుకండీ?"

"బాగుంది కదా."

"బాలేదు."

"ఏం?"

"అప్పటిదాకా అంత నిశ్శబ్దంగా నడిచి, అక్కడ డోళ్ళు ఏంటి? నీళ్ళు నిండాక ఆపేస్తే చాలు. ఏమీ ఇవ్వకపోవడమే ఆ ఆటకి అందం."

"నీకు అందం," అన్నాడు ఫణీంద్ర. గొంతులో కోపం లేదు, కాని తగ్గడమూ లేదు. "నేను ఇరవై రెండేళ్ళుగా ఆ స్తంభం దగ్గర నిలబడుతున్నాను వకుళా. నేను రాసిన అంకె చూసుకుని ఓడలు లోపలికి వస్తాయి. ఒక్క ఓడవాడూ ఇటు తిరిగి చెయ్యి ఊపలేదు. పోటు నిండుతుంది, రాసుకుంటాను, ఇంటికొస్తాను. నిండినప్పుడల్లా అనుకునేవాణ్ణి, ఇప్పుడు డోళ్ళు మోగితే బాగుండునని. అందుకే పెట్టాను. నెమలికే నాలుగు నెలలు పట్టింది."

పంతొమ్మిదేళ్ళలో వకుళకి ఈ మాట తెలియదు. అడగలేదు కూడా. ఎక్కడో లిమాలో లేని మనిషిని, నీ ఆటలో ఆ వీధి ఎందుకు అలా ఉంది, మీ అమ్మగారికి ఎలా ఉంది అని పేజీలకొద్దీ అడిగింది.

"ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది చివరికి.

"ఉండాల్సింది," అన్నాడు. పరవాలేదు అనలేదు. "డాక్టరు ఫోన్ చేసినప్పుడు నేనూ నీకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"ఉండాల్సింది."

ఇంజను వేగం తగ్గినట్టుంది. ఎవరో అతన్ని పిలిచారు. వస్తున్నా అని వాళ్ళకి జవాబు చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు.

"రేపు సాయంత్రానికి వచ్చేస్తాను."

"రండి. వచ్చాక కూర్చుని ఆ చివరి భాగం సరిచేద్దాం. డోళ్ళు తీసేసి, నెమలిని కూడా..."

"తియ్యను."

"వినండి ముందు."

"వింటాను. ఎంతసేపైనా చెప్పు, కూర్చుని వింటాను," అన్నాడు ఫణీంద్ర. "నెమలి మాత్రం ఉంటుంది."